పెద్దమ్మ ఊదుగొట్టం

పోయిన నెల ఒక ఆదివారం పొద్దున, మా ఇంటికి నగల పని నేర్చుకోవడానికి వచ్చే ఆడపిల్లల్లో హర్షిణి అనే అమ్మాయి ఒక అట్టపెట్టె తెచ్చి నా ముందు పెట్టింది. మా ఆయన పోయి రెండేళ్ళయింది. ఆయన స్కూటరు పెట్టుకునే వీధివైపు గదిని ఖాళీ చేసి, వారానికి ఒకరోజు అక్కడ పిల్లలకు పని నేర్పుతున్నాను. మేడ్చల్‌లో ఇప్పుడు ఏ వస్తువైనా గుమ్మంలోకే వస్తుంది కదా, ఈ పెట్టె కూడా అట్లా ఫోన్లో నొక్కితే వచ్చిందే. లోపల గులాబీరంగు పిడుల పటకార్లు మూడు, ఒక కత్తెర, సన్న ముక్కలు పట్టుకునే చిమటా ఒకటి, రాగితీగ చుట్టలు, కొక్కేల పొట్లాలు ఉన్నాయి. కొత్తగా నేర్చుకునేవాళ్ళకు కావలసిన పనిముట్లన్నీ ఇందులోనే ఉన్నాయని పైన ఒక కాగితం. ఆ పిల్ల మర్యాదస్తురాలు, కాగితాన్ని అంతగా నమ్మలేదు. ఇవి కాక ఇంకేమైనా కొనాలా మేడం అని అడిగింది.

నేను లోపలికి వెళ్ళి మంచం కింది నుంచి మా పెద్దమ్మ టేకుపెట్టె లాక్కొచ్చాను. మూత తీయగానే బొగ్గు, చింతపండు, పాత ఇత్తడి కలిసిన వాసన వచ్చింది. ఆ వాసన నాకు తప్ప ఇంకెవరికీ వచ్చినట్టు లేదు. ముందుగా చేతికి తగిలింది ఊదుగొట్టం. జానెడున్నర పొడుగు, ఒక కొస సన్నబడి వంగి ఉంటుంది, రెండో కొస నోట్లో పెట్టుకునేది. ఆ కొస మీద మా పెద్దమ్మ పళ్ళ గాట్లు ఇంకా ఉన్నాయి. పిల్లల్లో ఒకతె దాన్ని చూసి, మేడం ఇది పిల్లనగ్రోవా అంది. అందరూ నవ్వారు. నాకు కోపం వచ్చిన మాట నిజం, కాని అది ఆ పిల్ల మీద కాదు. ఇన్నేళ్ళుగా దాన్ని మంచం కింద దాచిపెట్టుకున్న నా మీదే.

నేను పదో తరగతి లెక్కల్లో తప్పాను. రెండుసార్లు తప్పాను కనుక దాన్ని అనుకోకుండా జరిగిందని చెప్పుకునే వీలు కూడా లేదు. మేము అవుసలోళ్ళం, అంటే బంగారం పని చేసేవాళ్ళం. కాని మా నాయిన చిన్నప్పుడే ఆ పని మీద విరక్తి పుట్టి, కుత్బుల్లాపూర్‌లో ఒక ఫ్యాక్టరీలో చేరి, కార్మికుల కాలనీలో రెండు గదుల ఇల్లు తీసుకున్నాడు. అక్కడ అన్నీ సైరన్ మోతతో మొదలై సైరన్ మోతతో ముగిసేవి. నేను రెండోసారి తప్పిన ఆ ఎండాకాలంలో మా అమ్మకు అక్క అయిన మణెమ్మ పెద్దమ్మ శామీర్‌పేట నుంచి రెండు బస్సులు మారి మా ఇంటికి వచ్చింది. చెంబెడు నీళ్ళు తాగి, నన్ను దగ్గరికి పిలిచి, నా రెండు చేతులూ తిప్పి తిప్పి చూసింది. పెళ్ళిచూపుల్లో కూడా తర్వాత నన్ను ఎవరూ అంత శ్రద్ధగా చూడలేదు. తర్వాత మా నాయిన వైపు తిరిగి, "ఈ పిల్ల సెయ్యి నాకియ్యి మరిదీ. నా సెయ్యి ఇగ పనికొస్తలేదు" అంది.

ఆమె చేతికి ఏ జబ్బూ లేదు. శామీర్‌పేట చుట్టుపక్కల ఊళ్ళలో అంత పనితనం ఉన్న చెయ్యి ఇంకొకటి లేదు కూడా. ఆమె మొగుడు, మా పెదబాపు, బతికి ఉండగానే సన్నపని అంతా ఆమె చేసేదట, పేరు ఆయనది. అప్పటికి ఆయన పోయి నాలుగేళ్ళయింది. ఆ తర్వాత కూడా ఆమె కుంపటి ఆర్పలేదు. కాలి మట్టెలు, ముక్కుపుడకలు, పిల్లల కడియాలు, విరిగిన గొలుసుల అతుకులు, అన్నిటికీ జనం అవుసల మణెమ్మ దగ్గరికే వచ్చేవాళ్ళు. ఒక్క పుస్తె మాత్రం ఆమె చేత చేయించుకునేవాళ్ళు కారు. మొగుడు పోయిన ఆడది పుస్తె చేస్తే ఆ పుస్తె నిలవదని నమ్మకం. ఎవరూ ఆమె ముఖం మీద అనలేదు, అనాల్సిన పని లేకపోయింది. పెళ్ళి కుదరగానే చడీచప్పుడు లేకుండా మేడ్చల్ అవుసలి దగ్గరికి పోయేవాళ్ళు. పుస్తె ఎక్కడ చేయిస్తే పెళ్ళి నగలన్నీ అక్కడే చేయిస్తారు. అట్లా నాలుగేళ్ళలో ఆమె కుంపటి ముందు గోనెపట్టా మీద కూర్చునేవాళ్ళు పలచబడుతూ వచ్చారు. పెళ్ళికాని పిల్ల చేయి మంచిదే కనుక, నన్ను కూర్చోబెట్టి నా చేత పుస్తెలు చేయించాలని ఆమె ఆలోచన. ఆ సంగతి నాతో దాచలేదు. నన్ను తీసుకుపోయే బస్సులోనే చెప్పేసింది.

శామీర్‌పేటలో ఆమె ఇల్లు చెరువుకు దగ్గర. పెంకుటిల్లు, ముందర అరుగు, వెనక వేపచెట్టు, వెనక దర్వాజ. పొద్దున లేచి వాకిలి ఊడ్చి, జొన్నరొట్టె చేసి, చల్ల చిలికి, అప్పుడు కుంపటి గదిలోకి అడుగుపెట్టేది. ఆ గదికి కిటికీ చిన్నది, ఎండ ఒక పలకలా పడి నేల మీద పొద్దంతా జరుగుతూ ఉండేది. ఎండ దాగలి దగ్గరికి, అంటే సుత్తెదెబ్బలు పడే ఇనుపదిమ్మ దగ్గరికి వచ్చిందంటే అన్నం తినే వేళ అయినట్టు. గడియారం ఉండేది గాని ఆమె దాని మాట వినేది కాదు. ఆదివారాలు పట్నం జనం చెరువు చూడడానికి, జింకల్ని చూడడానికి వచ్చేవాళ్ళు. ఎండలో పడి ఇంత దూరం వచ్చి జింకను చూసేదేముంది, అది మనల్ని చూడనే చూడదు కదా అని ఆమె ముక్కున వేలేసుకునేది.

నాకు మొదటి రోజే సుత్తె ఇస్తుందనుకున్నాను. నెలరోజులు ఆమె నా చేతికి ఇచ్చినవి ఒక కుంచె, ఒక ఇత్తడి పళ్ళెం. ఆ గదిలోంచి బయటికి అడుగు పెట్టే ముందు పళ్ళెంలోని నీళ్ళలో చేతులు కడుక్కోవాలి. ఆ నీళ్ళు పారబోయకూడదు. బట్టలు గదిలోనే దులుపుకోవాలి. సాయంత్రం గోనెపట్టా తీసి పాతచీర మీద దులిపి, నేలంతా కుంచెతో ఊడ్చి, ఆ దుమ్ము కుండలో వేయాలి. ఆకురాయితో రాసినప్పుడు రాలిన పొడి కంటికి కనబడదు, కాని అది మనది కాదు, ఎవరిదో అని ఆమె చెప్పేది. ఒకరోజు నేను మరిచిపోయి చేతులు కడగకుండా బయటికి వెళ్ళి జామకాయ తిన్నాను. ఆమె తిట్టలేదు. నన్ను మళ్ళీ లోపలికి పిలిచి, పళ్ళెంలో చేతులు కడిగించి, నోరు కూడా పుక్కిలింపజేసి ఆ నీళ్ళూ పళ్ళెంలోనే ఉమ్మించింది. ఇరుగుపొరుగు ఆడవాళ్ళు ముగ్గురు అరుగు మీద కూర్చుని చూస్తున్నారు. ఆ తర్వాత నా జన్మలో మళ్ళీ మరిచిపోలేదు.

రెండో నెలలో ఊపిరి నేర్పింది. ఊదుగొట్టం పని చూడడానికి తేలిక. దీపంలోంచో కుంపటిలోంచో మంటను ఊది సన్నని నాలుకలాగ చేసి, అతుకు మీదికి మళ్ళించాలి. కష్టమేమిటంటే ఆ ఊపిరి తెగకూడదు. ముక్కుతో గాలి పీలుస్తూ ఉండాలి, బుగ్గల్లో నింపుకున్న గాలిని నోటితో వదులుతూ ఉండాలి, రెండూ ఒకేసారి. దీనికోసం ఆమె నాకు బొప్పాయి ఆకుకాడ ఒకటి కోసి ఇచ్చి, చెంబు నీళ్ళలో పెట్టి ఊదమంది. బుడగలు ఆగకూడదు. ఆమె చేటలో బియ్యం చెరగడం మొదలుపెట్టి పూర్తయ్యేవరకు నా బుడగలు రావాలి. మొదట్లో నాలుగు గింజలు ఏరేలోగానే నా ఊపిరి అయిపోయేది, కళ్ళు తిరిగేవి, నీళ్ళు ముక్కులోకి పోయేవి. ఆమె చేట ఆపి నా వైపు చూసి, పదో తరగతి ఎట్ల తప్పినవో ఇప్పుడు సమజైంది అనేది. వానలు పడే వేళకు చేటెడు బియ్యం చెరిగినా నా బుడగలు ఆగలేదు. ఆ రోజు ఆమె చేట పక్కన పెట్టి లేచి వెళ్ళి, పెట్టెలోంచి ఈ ఊదుగొట్టం తీసి తన కొంగుతో తుడిచి నా చేతిలో పెట్టింది. నాకు అంత సంతోషం తర్వాత మళ్ళీ పరీక్ష కట్టి పదో తరగతి పాసైనప్పుడు కూడా కలగలేదు.

ఆ తర్వాత ఒక్కొక్క పనిముట్టూ వరసగా వచ్చింది. పటకార పట్టుకుంటే పిడికిలి బిగించకూడదు, చిటికెనవేలు లోపలికి పెట్టి దానితో తెరవాలి. ఆకురాయి ముందుకు పోయేటప్పుడే కోస్తుంది, వెనక్కి లాగేటప్పుడు నొక్కితే రాయి అరుగుతుంది తప్ప పని జరగదు. తీగను సన్నం చేయడానికి వరసగా బొక్కలున్న ఇనుపపలక ఉంటుంది, దాన్ని కమ్మచ్చు అంటాం. దాంట్లోంచి తీగ లాగితే అరచేతులు బొబ్బలెక్కేవి. సుత్తె చివర్న ఇచ్చింది. సుత్తె కొట్టడం ఎవరైనా కొడతారు, ఎప్పుడు ఆపాలో తెలిసినోళ్ళకే దాన్ని ఇయ్యాలె అనేది. అన్నీ రాగి మీద, ఇత్తడి మీద నేర్చుకున్నాను. ఎర్రగా కాలిన రాగిరేకును చింతపండు నీళ్ళలో ముంచితే చుయ్‌మని శబ్దం వచ్చి, పుల్లటి ఆవిరి ముఖానికి కొట్టేది. ఇప్పటికీ చారు కాగుతుంటే నాకు ఆ గదే గుర్తొస్తుంది.

ఇంకొక వస్తువు సంగతి చెప్పాలి, ఈ కథంతా దాని వల్లే జరిగింది. మా గదిలో ఒక మూలన సీసం దిమ్మ ఉండేది. రేకును గుండ్రంగా ఉబ్బెత్తుగా చేయాలంటే దాన్ని సీసం మీద పెట్టి, గుండుతల ఉన్న కడ్డీతో కొట్టాలి. సీసం మెత్తన గనక రేకు చిరగకుండా గిన్నెలా లోపలికి దిగుతుంది. కాని సీసం బంగారానికి శత్రువు. దిమ్మ మీద కొట్టినప్పుడు రేకు వెనక వైపు బూడిదరంగు మరక అంటుకుంటుంది. దాన్ని ఇసుకతో, చింతపండుతో రుద్ది పూర్తిగా పోగొట్టకుండా నిప్పులో పెడితే, సీసం కరిగి బంగారంలోకి దిగి, చెదపురుగులా దాన్ని తినేస్తుంది. రాగి మీద పని నేర్చుకున్న నాకు ఆ భయం నోటిమాటగానే తెలుసు. రాగి నన్ను చాలాసార్లు క్షమించింది.

మరుసటి ఏడు మాఘమాసంలో మొదటి పుస్తె వచ్చింది. తెచ్చింది బాలమ్మ. చెరువులో చేపలు పట్టే కుటుంబం వాళ్ళది. మేము చేపలు తినం గనక, ఆమె పెద్దమ్మకు చెరువుగట్టు మీది పొన్నగంటికూర కోసి తెచ్చిచ్చేది. ఆమె మొగుడు చాలా ఏళ్ళ కిందట చెరువులో మునిగి పోయాడు. ఒక్కతే కూతురు, లలిత. నాకంటే ఏడాది చిన్నది. పుట్టింటి పుస్తె ఒకటి, అత్తింటి పుస్తె ఒకటి కలిపి కట్టడం మా దగ్గర ఆచారం. లలిత పుట్టింటి పుస్తె మా దగ్గర చేయిస్తామని బాలమ్మ వాళ్ళవాళ్ళతో వాదించి ఒప్పించిందట. చేసేది మణెమ్మ కాదు, పిల్ల చేస్తుంది అని చెప్పి నలుగురినీ నమ్మించింది. ఆ మాట వినగానే పెద్దమ్మ ముఖంలో వెలుగు చూడాలి. ఈ ఒక్క పుస్తె సరిగ్గా నిలిస్తే మళ్ళీ పెళ్ళిళ్ళు మా గడపకు వస్తాయి. నిలవకపోతే ఉన్న మట్టెలు, కడియాలు కూడా పోతాయి. ఇది నాకు ఆమె చెప్పలేదు, నాకే అర్థమైంది.

పెళ్ళికి ముందురోజు పొద్దున ముత్తయిదువలు వచ్చారు. పళ్ళెంలో బియ్యం, పసుపు, కుంకుమ, కొబ్బరికాయ, తమలపాకులు, మధ్యలో బంగారం. కుంపటికి బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, నాకూ బొట్టు పెట్టారు. ఉపవాసం ఉన్నావా అని అడిగారు, ఉన్నానన్నాను. పెద్దమ్మ గదిలో ఆ చివర గోడకు ఆనుకుని కూర్చుంది, కొంగు తల మీదికి లాక్కుని. బాలమ్మ లోపలికే రాలేదు. కన్నకూతురి పుస్తెకు పసుపుపళ్ళెం పట్టుకునే వీలు ఆమెకూ లేదు కదా, అరుగు కింద నిలబడింది. వాళ్ళందరూ చూస్తుండగా నేను నిప్పు రాజేసి బంగారం కరిగించాను. ఊపిరి తెగలేదు. ముత్తయిదువలు తృప్తిపడి, దీపాలు పెట్టకముందే వచ్చి తీసుకుంటామని చెప్పి వెళ్ళిపోయారు.

అంతా బాగా జరిగింది. రేకు సాగగొట్టాను, గుండ్రంగా కత్తిరించాను, సీసం దిమ్మ మీద పెట్టి కొట్టాను. నిండుగా, నునుపుగా ఎంత అందంగా వచ్చిందో. దాన్ని చూసుకుని మురిసిపోయాను. మురిసిపోవడంలో వెనక్కి తిప్పి చూడలేదు. పెద్దమ్మ అప్పుడే నాకు మంచినీళ్ళు తేవడానికి వంటింట్లోకి వెళ్ళింది. ఆమె వచ్చేలోగా తాడు దూర్చే కొండి కూడా అతికి చూపిద్దామని, అతుకు పట్టించే వెలిగారం పూసి, నిప్పుల మీద పెట్టి ఊదాను. అతుకు కరిగింది. దానితో పాటు పుస్తె మధ్యలో బూడిదరంగు మచ్చ ఒకటి తేలి, చూస్తుండగానే వెడల్పయి, అక్కడ బొక్క పడింది. పటకారతో తీయబోతే అంచు పెళుసుగా విరిగి రెండు ముక్కలైంది. పెళ్ళి రేపు. పుస్తె రెండు ముక్కలు.

పెద్దమ్మ చెంబుతో వచ్చి చూసింది. చెంబు కింద పెట్టింది. ముందు వెళ్ళి వీధి దర్వాజ గడియ వేసింది. శామీర్‌పేటలో పట్టపగలు ఎవరూ తలుపు వేయరు. అరుగు మీద అడిగినవాళ్ళకు పిల్లకు జరమొచ్చిందని కిటికీలోంచి చెప్పింది. వెనక దర్వాజ గడియ మాత్రం ఊడిపోయి ఎన్నాళ్ళయిందో, దాన్ని దగ్గరికి వేసి ఊరుకుంది. తర్వాత నా పక్కన కూర్చుని, విరిగిన ముక్కలు, రాలిన పొడి అన్నీ ఏరి మూసలో వేసి, మళ్ళీ కరిగించమంది. కరిగిన బంగారంలో నవాసాగరం చిటికెడు వేస్తే తెల్లటి పొగ లేచి, సీసం విడిపోతుంది. దానికి మంట నిలకడగా ఉండాలి. నేను ఊదుగొట్టం నోట్లో పెట్టుకున్నాను. అప్పుడు ఏడుపు వచ్చింది. వెక్కిళ్ళు పెడుతున్నవాళ్ళు ఊదలేరు. బుగ్గల్లో గాలి నిలవదు, ఊపిరి ముక్కలు ముక్కలవుతుంది, మంట ఎగిరెగిరి పడుతుంది. ఆమె నా వీపు నిమిరింది, నీళ్ళు తాగించింది, ఇంకోసారి ఊదమంది. మళ్ళీ అదే. కిటికీ ఎండ దాగలి దాటి అవతలికి జరిగిపోయింది. ఆమె ఆ ఎండ వైపు కొంచెంసేపు చూసింది. తర్వాత నా నోట్లోంచి ఊదుగొట్టం తీసుకుంది.

ఆమె పని చేస్తుంటే అంత దగ్గర్నుంచి అంతసేపు చూడడం నాకదే మొదలు. బుగ్గలు నిండి ఉన్నాయి, కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి, ఊపిరి మాత్రం ఒక్క క్షణం తెగలేదు. ఏడుస్తూ ఊదడం కూడా వస్తుందని అప్పుడు తెలిసింది, దానికి ఎన్నేళ్ళు పడుతుందో నాకు తెలియదు. తెల్లపొగ లేచింది. బంగారాన్ని చల్లార్చి సుత్తెతో కొట్టి, వంచి చూసింది. ఎక్కడా చిట్లలేదు. మళ్ళీ రేకు, మళ్ళీ గుండ్రన, సీసం మీద ఉతికిన మెత్తటి గుడ్డ పరిచి దాని మీద పెట్టి కొట్టింది, అయినా వెనక్కి తిప్పి ఇసుకతో నాలుగుసార్లు రుద్దింది. కొండి అతికేటప్పుడు మాత్రం ఒక్కసారి ఆగి, కుంపటికి దండం పెట్టింది. అయిపోయాక పుస్తెను పసుపునీళ్ళలో వేసి, నా చేతిని పట్టుకుని ఆ నీళ్ళలో ముంచి, నా చేతనే పైకి తీయించింది. "కళా, ఈ మాట నీ నోట్లకెళ్ళి రావొద్దు, నా నోట్లకెళ్ళి రావొద్దు. పాపమో పుణ్యమో, నా నెత్తి మీద ఉండనీ" అంది. సాయంత్రం ముత్తయిదువలు వచ్చి, పుస్తె చూసి, పిల్ల చేయి మంచిదని మెచ్చుకుని, నా ఒళ్ళో బియ్యం పోసి వెళ్ళారు.

ఆ ఏడు ఎండాకాలంలోనే లాల్‌గడి మలక్‌పేట్ నుంచి రెండు పెళ్ళిళ్ళు వచ్చాయి. పోయినవాళ్ళు ఒక్కొక్కరే తిరిగొచ్చారు. తర్వాతి పుస్తెలన్నీ నేనే చేశాను, ప్రతి రేకునూ వెనక్కి తిప్పి చూసి, కళ్ళు నొప్పెట్టేదాకా రుద్ది చేశాను. పెద్దమ్మ ఇల్లు నిలబడింది. కాని ఆమె మనసులో ఆ ఒక్క పుస్తె కూర్చుండిపోయింది. చెరువు వైపు నుంచి ఎవరొచ్చినా మాటల్లో మాటగా లలిత మొగుడు మంచిగున్నడా అని అడిగేది. ఒకసారి అతనికి కామెర్లు వచ్చి ఆసుపత్రిలో పడుకున్నాడని తెలిసింది. ఆ రోజు నుంచి ఆమె అన్నం మానేసింది. గండిమైసమ్మకు బస్సెక్కి వెళ్ళి, అతని పేరు మీద మొక్కుకుని, తడిబట్టలతో గుడి చుట్టూ తిరిగి వచ్చింది. చుట్టం కాదు పక్కం కాదు, ఎవడో చేపలాయన కోసం నీకెందుకక్కా ఇంత పరేషాన్ అని మా అమ్మ తిట్టింది. నాకు తెలుసు ఎందుకో. నేను ఒక్క మరక చూసుకుని ఉంటే ఆమెకు ఆ భయం ఉండేది కాదు. అతను లేచి తిరిగాడు, కాని ఆమె భయం తగ్గలేదు. నాకు పెళ్ళయి మేడ్చల్ వచ్చాక ఎప్పుడు చూడబోయినా మొదట అదే ప్రశ్న. కొన్నేళ్ళకు పట్నం దుకాణాల్లో మిషను పుస్తెలు వచ్చాయి, చెరువు చుట్టూ ప్లాట్లు వచ్చాయి, కుంపటి చల్లారింది. చివరి జబ్బులో నా చేయి పట్టుకుని టేకుపెట్టె నాకు అప్పగిస్తూ కూడా అడిగింది. మంచిగున్నడు పెద్దమ్మా అన్నాను. ఇంకెన్నొద్దులో అంది, ఇంకెన్నాళ్ళుంటాడో అని. ఆమె మాటల్లో నాకు మిగిలిన ఆఖరి మాట అది.

పోయిన నెల ఆ ఆదివారం పిల్లలకు ఈ కథంతా చెప్పలేదు. ఊదుగొట్టం నోట్లో పెట్టుకుని దీపం మంటను వంచి చూపించాను, అంతే. వాళ్ళ కాలం మంచిదే. ఆ గులాబీరంగు పటకార్లు ఎవరి చేతిలోకి పోతున్నామని అడగవు, ఎవరి కులం, ఎవరి మొగుడు అని అడగవు. నెలరోజులు నేల ఊడవాల్సిన పని లేదు. అయితే పళ్ళెంలో చేతులు కడుక్కోమంటే నవ్వుతారు, రాలిన తీగముక్కలు చీపురుతో బయటికి తోసేస్తారు. నాకు మనసు చివుక్కుమంటుంది. రెండిట్లో ఏది మేలో అడిగితే నేను చెప్పలేను. పెద్దమ్మకు మాత్రం ఈ కాలమే దొరికి ఉంటే బాగుండేది.

పిల్లలు సర్దుకుంటుండగా వాకిట్లో ఆటో ఆగింది. దిగింది లలిత. చాలా ఏళ్ళ తర్వాత చూశాను, జుట్టు నెరిసింది, నడక వాళ్ళ అమ్మదే. కూర్చుని మంచినీళ్ళు తాగి, ఆమె పసుపుతాడు బయటికి తీసి చూపించింది. పుట్టింటి పుస్తె కొండి అరిగిపోయి దారంలా ఉంది, ఇవాళో రేపో తెగేటట్టుంది. దాన్ని చూడగానే నేను గుర్తుపట్టాను, వెనక వైపు ఇసుకతో రుద్దిన సన్నగీతలు ఇంకా లీలగా ఉన్నాయి. మీ ఆయన ఎట్లున్నాడని నా నోటికి అలవాటుగా వచ్చింది. మస్తుగున్నడు, మనవణ్ణి వెంటేసుకుని చెరువు మీద తిరుగుతున్నడు అంది.

నేను పుస్తెను ముట్టుకోలేదు. మా ఆయన పోయి రెండేళ్ళయింది లలితా, ఈ పని నేను చేయకూడదు, బజార్లో మంచి దుకాణం ఉంది, తీసుకెళ్తా పద అన్నాను. హర్షిణి మాత్రం వెళ్ళకుండా గుమ్మంలో నిలబడి వింటోంది.

"తెలుసక్కా. తెలిసే తెచ్చిన" అంది లలిత.

తర్వాత చెప్పింది. బాలమ్మ పోయే ముందు కూతురికి చెప్పిన మాట అది. ఆ రోజు మధ్యాహ్నం, ముత్తయిదువలతో ముందు నుంచి వచ్చే వీలు లేదు కనుక, బిడ్డ పుస్తె ఎంతవరకు వచ్చిందో చూసుకుందామని ఆమె పొన్నగంటికూర పట్టుకుని వెనక దర్వాజ దగ్గరికి వచ్చిందట. తలుపు సందులోంచి చూస్తే నేను మూలన కూర్చుని వెక్కుతున్నాను, మణెమ్మ ఊదుతోంది. ఆమె వెనక్కి పోలేదు. అక్కడే వేపచెట్టు కింద కూర్చుంది. తొందరపడి వెనక నుంచి వచ్చిన ఇద్దరు చుట్టాల్ని ఇంకా కాలేదు, పొద్దు గూకే ముంగట రాండ్రి అని తానే తిప్పి పంపింది. పని అయ్యేదాకా కాపలా కాసి, కూర గడప మీద పెట్టి వెళ్ళిపోయింది. ఆ కూర నాకు గుర్తుంది. సాయంత్రం వెనక గడప మీద చూసి, ఎప్పుడు పెట్టిపోయిందో అనుకున్నాం.

"మా అమ్మ పుస్తె మీ పెదబాపు చేసిండట. ముత్తయిదువలు పాటలు పాడంగ, ఉపాసముండి చేసిండట. మా బాపు ఐదేండ్లు గూడ ఉండలే. సెయ్యితోని ఏముంటదే, చెరువుకు ఎరుకనా ఎవరి సేతి పుస్తెనో అన్నది మా అమ్మ" అంది లలిత.

నాకు దుఃఖం కంటే ముందు కోపం వచ్చింది. ఆ ఒక్క మాట మా పెద్దమ్మతో ఎందుకు చెప్పలేదు మీ అమ్మ అని గట్టిగానే అడిగాను. చచ్చేదాకా భయపడింది లలితా, మీ ఆయనకు కామెర్లొస్తే అన్నం మానేసింది అన్నాను. లలిత కళ్ళు దించుకుంది. తాను చూసినట్టు తెలిస్తే మణెమ్మ మళ్ళీ కుంపటి ముందు కూర్చోదని బాలమ్మ భయపడిందట. చెప్పాలని చాలాసార్లు వచ్చి, కూర ఇచ్చి వెళ్ళిపోయేదట. ఇద్దరూ ఒకరి కోసం ఒకరు నోరు మూసుకుని, ఇద్దరూ వెళ్ళిపోయారు. ఎవరినని తిట్టను?

లలిత మెడలోంచి తాడు తీసి, అందులోంచి పుట్టింటి పుస్తె ఒక్కటే విప్పి నా అరచేతిలో పెట్టింది. గదిలో గ్యాసు పొయ్యి ఉంది, పిల్లల కోసం కొన్న చిన్న టార్చి కూడా ఉంది. నేను రెండూ ముట్టుకోలేదు. హర్షిణి అడగకుండానే బొగ్గులు రాజేసింది. నేను వెలిగారం పూసి, కొత్త కొండి పెట్టి, ఊదుగొట్టం నోట్లో పెట్టుకున్నాను. నా పళ్ళు ఆమె పళ్ళ గాట్ల మీదే కుదురుకున్నాయి. కళ్ళు మసకబారాయి, నీళ్ళు చెంపల మీదికి కారుతున్నాయి, తుడుచుకోవడానికి చేతులు ఖాళీ లేవు. ఊపిరి తెగలేదు. అతుకు మెరిసి ఒక్కటైంది. పుస్తెను చల్లార్చి, చింతపండుతో కడిగి, పసుపు రాసి, తాడుకు ఎక్కించి లలితకు అందించాను.

లలిత తీసుకోలేదు. నా ముందు తల వంచింది.

"నువ్వే వెయ్యక్కా" అంది.

నేను పళ్ళెంలో చేతులు కడుక్కుని, వేశాను.